మందులు లేకుండా వేడి ఆవిర్లు తగ్గుతాయా? నిజంగా పనిచేసేవి ఏవి?

మాంబలం_శారద:
అందరికీ నమస్కారం. నా వయసు 49. పశ్చిమ మాంబలంలో ఉంటాను, టీ నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూస్తాను. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. వేడి ఆవిర్లు మాత్రం అంతకు ముందే మొదలై ఇంకా సాగుతున్నాయి. ఛాతీ దగ్గర పుట్టిన సెగ మెడ మీదుగా చెవులకు, మాడుకు పాకి, ముఖమంతా చెమట కమ్మి, రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది. దిగిన తరువాత తడిసిన జాకెట్‌కు ఫ్యాను గాలి తగిలి వణుకు పుడుతుంది. క్లయింటు ఎదుట కూర్చుని పద్దులు వివరిస్తుండగా వచ్చిందంటే మాట తడబడుతుంది. రాత్రిళ్లు మెలకువ వచ్చిందంటే మళ్లీ నిద్ర పట్టడం కష్టం.

మా అక్కయ్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చి నయమైంది. అందువల్ల హార్మోన్ మాత్రలంటే నాకు జంకు. మందు లేని దారి ఏదని అడిగితే ఒకరు ప్రాణాయామం అంటారు, ఒకరు అవిసె గింజలు అంటారు, మరొకరు ఆక్యుపంక్చర్ అంటారు. ఉద్యోగం చేసుకుంటూ ఇవన్నీ చేయడం నా వల్ల కాదు. వీటిలో దేనికి రుజువు ఉందో, దేనికి లేదో తెలిసినవారు చెప్పగలరా?

నందివర్ధనం:
అమ్మా శారదా, నేను పెరంబూరులో ఉంటాను, ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఈ దశ దాటినదాన్ని కనుక నాకు ఉపయోగపడినవి చెబుతాను. ఇవి వైద్యం అని మాత్రం అనను. సింథటిక్ చీరలు, లోపల నైలాన్ లంగాలు పూర్తిగా మానేసి పలుచటి నూలు చీరలకు మారాను. జాకెట్లు కాస్త వదులుగా, మెడ వెడల్పుగా కుట్టించుకున్నాను. పరుపు మీద రబ్బరు షీటు, దళసరి దుప్పటి తీసేసి నూలు దుప్పటి ఒకటి పరిచి, ఆరిన జాకెట్ ఒకటి, చిన్న తువ్వాలు ఒకటి తలగడ పక్కనే పెట్టుకునేదాన్ని. అర్ధరాత్రి లేచి లైటు వేసి బీరువా వెతికితే నిద్ర పూర్తిగా ఎగిరిపోతుంది. చీకట్లోనే మార్చుకుని పడుకుంటే తొందరగా పడుతుంది.

మన మద్రాసు వాతావరణంలో ఒక చిక్కుంది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కత్తిరి ఎండల రోజుల్లో ఫ్యాను ఒక్కటే చాలదు. ఏసీ ఉంటే చలి పుట్టేంత తగ్గించనక్కరలేదు. గాలిలో తేమ తగ్గినా సగం ఉపశమనం దొరుకుతుంది. పొద్దున పెనం ముందు నిలబడి వరుసగా దోసెలు పోసే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించడం కూడా చికిత్స కిందికే వస్తుందని నా అభిప్రాయం, డాక్టర్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

వేపపువ్వు:
శారద గారూ, నేను యోగా నేర్పిస్తాను, వడపళనిలో ఉంటాను. ఇది మాట వరసకు చెప్పడం లేదు. మన పక్కనే బెంగళూరులో 120 మంది స్త్రీలపై 8 వారాలపాటు చేసిన అధ్యయనం 2008లో ప్రచురితమైంది. సూర్యనమస్కారాలు, ప్రాణాయామం, ధ్యానం చేసినవారిలో వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి బాగా తగ్గాయని అందులో తేలింది. దానితో పాటు ఆహారంలో సోయా చేర్చుకోండి. సోయాలో ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌ను పోలిన పదార్థాలున్నాయి. అమెరికాలో 2021లో ప్రచురితమైన ప్రయోగంలో, నూనె తగ్గించిన పూర్తి శాకాహారంతో పాటు రోజూ అర కప్పు ఉడికించిన సోయా గింజలు తిన్నవారిలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఆవిర్లు 12 వారాల్లో 84 శాతం తగ్గాయి. వారానికి రెండుసార్లు మీల్ మేకర్ కూర వండుకోవడం మనకు కష్టమేమీ కాదు కదా.

డాక్టర్_అన్నానగర్:
నేను స్త్రీవైద్యురాలిని. ఇక్కడ చెప్పేది చర్చ కోసమే తప్ప, మిమ్మల్ని స్వయంగా పరీక్షించే డాక్టరు మాటకు ఇది బదులు కాదు.

ముందు ఈ ఆవిరి ఎలా పుడుతుందో తెలుసుకుంటే, ఏ ఉపాయం ఎంతవరకు పనిచేయగలదో అర్థమవుతుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం ఒంటి వేడిని ఒక పరిధిలో నిలుపుతుంది. ఒంటి వేడి ఆ పరిధిలో ఉన్నంతవరకు చెమటా పట్టదు, వణుకూ రాదు. ఆవిర్లు లేని స్త్రీలలో ఈ పరిధి సుమారు 0.4 డిగ్రీల సెల్సియస్ వెడల్పు ఉంటుందని, ఆవిర్లతో బాధపడేవారిలో అది దాదాపు సున్నాకు కుంచించుకుపోతుందని అమెరికా పరిశోధకుడు రాబర్ట్ ఫ్రీడ్‌మన్ కొలిచి చూపారు. గిన్నె అంచు దాకా పాలు పోసి పొయ్యి మీద పెడితే కొద్దిపాటి సెగకే పొంగిపోయినట్టు, ఒంటి వేడి ఇసుమంత పెరిగినా శరీరం దాన్ని పెద్ద ప్రమాదంగా భావించి చర్మంలోని రక్తనాళాలను తెరిచి చెమట పట్టిస్తుంది. ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు, న్యూరోకైనిన్ బి అనే రసాయనంతో సంకేతాలు పంపే నాడీకణాలు అదుపు తప్పి చురుకెక్కడం దీనికి ముఖ్య కారణమని ఇప్పుడు తెలిసింది. అంటే నందివర్ధనం గారు చెప్పిన చల్లదనపు ఏర్పాట్లు సెగ తగలకుండా చూస్తాయి కానీ, కుంచించుకుపోయిన పరిధిని వెడల్పు చేయలేవు. సుఖం కోసం తప్పక చేసుకోండి; ఆవిర్ల సంఖ్య తగ్గలేదని నిరుత్సాహపడకండి.

ఇక రుజువుల సంగతి. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో హార్మోన్ కాని చికిత్సలన్నింటినీ పరిశీలించి ఒక ప్రకటన వెలువరించింది. మందులను పక్కన పెట్టి చూస్తే, అందులో గట్టి రుజువుతో సిఫారసు పొందినవి రెండే: కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స), క్లినికల్ హిప్నాసిస్. కొంత తక్కువ స్థాయి రుజువుతో బరువు తగ్గడాన్ని కూడా చేర్చారు. యోగా, వ్యాయామం, నెమ్మదిగా లోతుగా శ్వాస తీసే పద్ధతి, ఆక్యుపంక్చర్, సోయా, మూలికలు, సప్లిమెంట్లు, చల్లబరిచే పద్ధతులు, కాఫీ కారాల వంటివి మానడం, ఇవన్నీ ఆవిర్లకు చికిత్సగా సిఫారసు చేయని జాబితాలో ఉన్నాయి. అవిసె గింజల మీద విడిగా ప్రయోగం చేసి చూశారు. గింజలు కలిపిన బార్ తిన్నవారికి, కలపని బార్ తిన్నవారికి తేడా కనిపించలేదు.

శారద గారూ, మరొక మాట. రాత్రి చెమటలన్నీ మెనోపాజ్ వల్లే వస్తాయనుకోకూడదు. థైరాయిడ్ ఎక్కువైనా, షుగరు మందుల వల్ల గ్లూకోజ్ పడిపోయినా, కొన్ని ఇతర మందుల వల్లా చెమటలు పడతాయి. మన దేశంలో టీబీని మరచిపోకూడదు: చెమటలతో పాటు సాయంత్రం జ్వరం, వారాల తరబడి దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. నెలసరి ఏడాది ఆగిన తరువాత మళ్లీ రక్తం కనిపిస్తే, కొద్దిగా అయినా సరే, డాక్టరుకు చూపించడం తప్పనిసరి.

వేపపువ్వు:
డాక్టరు గారి మీద గౌరవం ఉంది. అయితే బెంగళూరు ఫలితాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు. అక్కడ పోల్చి చూసిన రెండో బృందం కూడా ఊరికే కూర్చోలేదు, వ్యాయామం చేసింది. అయినా యోగా బృందానికే ఎక్కువ మేలు జరిగింది.

లెక్కల_మాష్టారు:
నేను మగవాణ్ణి, గణితం బోధిస్తాను, వైద్యం నాకు తెలియదు. మా ఇంట్లో ఈ బాధ ఉంది కనుక ఈ చర్చ చదువుతున్నాను. వేపపువ్వు గారు చెప్పిన 2021 సోయా ప్రయోగాన్ని నేనూ చూశాను. ఆవిడ 84 శాతం అన్న మాట నిజమే. అయితే అదే ప్రయోగంలో ఆహారం ఏమీ మార్చుకోని బృందంలోనూ ఆ ఆవిర్లు 42 శాతం తగ్గాయి. పైగా పాల్గొన్నవారు మొత్తం 38 మందే. సోయా తినని, ఏమీ చేయని వారిలోనే దాదాపు సగం తగ్గుదల కనిపిస్తే, మన పక్కింటావిడ ఏదో కషాయం తాగి తగ్గిందని చెప్పినప్పుడు ఆ గొప్ప కషాయానిదా, కాలానిదా అని అడగక తప్పదు.

ఆక్యుపంక్చర్ మీద ఆస్ట్రేలియాలో 327 మంది స్త్రీలతో చేసిన ప్రయోగం 2016లో ప్రచురితమైంది. సగం మందికి నిజమైన సూదులు గుచ్చారు, మిగతా సగం మందికి చర్మం లోపలికి దిగని మొండి సూదులు ఆనించారు. రెండు బృందాల్లోనూ ఆవిర్ల బాధ సుమారు 40 శాతం తగ్గింది. అంటే మేలు జరిగింది, కానీ సూది వల్ల కాదు. ఆవిర్లు తమంతట తాము ఎక్కువా తక్కువా అవుతుంటాయి. బాగా ఎక్కువైనప్పుడే మనం చికిత్స కోసం వెళతాం కనుక, ఆ తరువాత ఏం చేసినా తగ్గినట్టే కనిపిస్తుంది. శ్రద్ధగా వినే మనిషి, వేళకు వెళ్లే అలవాటు, తగ్గుతుందన్న ఆశ, ఇవీ తోడవుతాయి. పోల్చి చూసే బృందం లేని ఏ లెక్కనూ నేను నమ్మను.

డాక్టర్_అన్నానగర్:
మాష్టారు నా పని తేలిక చేశారు. వేపపువ్వు గారూ, బెంగళూరు అధ్యయనాన్ని నేను కొట్టిపారేయలేదు. అందులో లక్షణాలను ప్రశ్నావళి ద్వారా, వారు చెప్పినదాన్ని బట్టి లెక్కించారు. ఆ తరువాత అమెరికాలో పలు కేంద్రాలు కలిసి 355 మందితో, ఆవిర్లు వచ్చినప్పుడల్లా డైరీలో రాయిస్తూ, యోగాను, వ్యాయామాన్ని, ఒమేగా 3 గుళికలను పరీక్షించాయి. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. మూడింటిలో ఏదీ ఆవిర్ల సంఖ్యను పోల్చి చూసిన బృందంలో కన్నా ఎక్కువగా తగ్గించలేదు. అయితే యోగా, వ్యాయామం చేసినవారికి నిద్రలేమి కొంత తగ్గింది. అందువల్ల యోగా చేస్తున్నవారు మానవద్దు. ఎముకలకు, కండరాలకు, బీపీకి, నిద్రకు నడక, బరువులెత్తే వ్యాయామం, ఆసనాలు ఈ వయసులో చాలా అవసరం. ఆవిర్ల కోసమే మొదలుపెట్టి, ఆవిర్లు తగ్గలేదని మానేసేవారిని చూసి బాధ కలుగుతుంది. అందుకే ఏది దేనికి పనిచేస్తుందో ముందే చెప్పడం మంచిదంటాను.

మీల్ మేకర్ కూరలో మంచి ప్రోటీన్ ఉంది, హాయిగా తినండి. డబ్బాల్లో అమ్మే సోయా సారం గుళికల మాట వేరు. మూలికల గుళికల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. విదేశాల్లో బాగా అమ్ముడుపోయే బ్లాక్ కోహోష్ మీద 2012లో వచ్చిన సమగ్ర సమీక్ష దాన్ని సమర్థించేందుకు తగిన రుజువు లేదని తేల్చింది. దాన్ని వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ నమోదయ్యాయి. మందు కాదని అమ్మినంత మాత్రాన అది ఒంట్లో ఏ పనీ చేయదని కాదు.

మనసుమాట:
నేను క్లినికల్ సైకాలజిస్టును, అడయారులో ప్రాక్టీసు చేస్తున్నాను. పైన చెప్పిన రెండు పద్ధతుల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మానసిక చికిత్స అనగానే చాలామంది తమ బాధను లేనిదిగా కొట్టిపారేస్తున్నారని నొచ్చుకుంటారు. ఆవిరి పూర్తిగా శరీరానిదే. అయితే ఆవిరి వచ్చిన ఆ రెండు నిమిషాలలో మనసులో పరుగెత్తే ఆలోచనలు, దాని తరువాత మనం చేసే పనులు బాధను పెంచనూ గలవు, తగ్గించనూ గలవు.

లండన్‌లోని కింగ్స్ కాలేజీలో మైరా హంటర్ బృందం చేసిన రెండు ప్రయోగాల ఫలితాలు 2012లో వచ్చాయి. ఒకదానిలో 96 మంది రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందినవారు, రెండోదానిలో 140 మంది ఇతర స్త్రీలు పాల్గొన్నారు. సీబీటీ తీసుకున్నవారికి ఆవిర్ల వల్ల కలిగే ఇబ్బంది స్పష్టంగా తగ్గింది, నెలల తరువాత కూడా ఆ మేలు నిలిచింది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, వారికి వచ్చే ఆవిర్ల సంఖ్యలో పెద్ద తేడా లేదు. సంఖ్య తగ్గనప్పుడు ఏం లాభమని మాష్టారు లాంటి వారు అడగవచ్చు. శారద గారి మొదటి సందేశం మళ్లీ చదవండి: క్లయింటు ఎదుట మాట తడబడడం, నిద్ర మళ్లీ పట్టకపోవడం, ఆవిడ చెప్పిన అసలు బాధలు ఇవే.

సెషన్‌లో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. సెగ మొదలైన క్షణంలో మనసులో ఏమొచ్చిందో రాయమంటాం. ఎక్కువమంది రాసేది ఇదే: అందరూ నా ముఖం వైపే చూస్తున్నారు, నేను పని చేతకానిదాన్ని అనుకుంటున్నారు. అప్పుడు, మీ ఎదుట కూర్చున్న సహోద్యోగికి ఇలా చెమట పడితే మీరేమనుకుంటారని అడుగుతాం. ఉక్కగా ఉంది పాపం అనుకుంటాను అంటారు. ఆ జవాబును మనసుకు పట్టేలా సాధన చేయిస్తాం. ఆదుర్దా వల్ల భుజాలు బిగుసుకుని గుండె వేగం పెరిగితే సెగ ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది. కాబట్టి భుజాలు వదులు చేసి, కడుపుతో నెమ్మదిగా ఊపిరి తీస్తూ, ఆవిరిని ఆపాలని పోరాడకుండా అది వచ్చి పోయేదాకా చేస్తున్న పనిలోనే ఉండడం నేర్పుతాం. ఇక్కడ ఊపిరి ఆవిర్లను తగ్గించే మంత్రం కాదు. ఒంటరిగా శ్వాస సాధన ఒక్కటే చేస్తే ఆవిర్లు తగ్గవని డాక్టరు గారు చెప్పింది నిజమే. అది మొత్తం పద్ధతిలో ఒక భాగం మాత్రమే.

హిప్నాసిస్ మాట వేరు, అది సంఖ్యనే తగ్గిస్తుంది. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్యారీ ఎల్కిన్స్ బృందం 187 మంది స్త్రీలతో చేసిన ప్రయోగం 2013లో వచ్చింది. వారానికొక సెషన్ చొప్పున అయిదు సెషన్లు, ఇంటి దగ్గర రికార్డింగ్ వింటూ సాధన. 12 వారాల నాటికి ఆవిర్లు సుమారు 74 శాతం తగ్గాయి. వేరే బృందాన్ని కూర్చోబెట్టి అంతే సేపు శ్రద్ధగా మాట్లాడి పంపిస్తే తగ్గింది 17 శాతం. ఇందులో లోలకం ఊపడాలు, గతజన్మలోకి తీసుకుపోవడాలు ఏవీ ఉండవు. ఒంటిని వదులు చేసి, మంచు కొండ గాలి, చల్లటి నీటి ఒడ్డు వంటి చల్లదనపు ఊహలను మనసులో స్పష్టంగా నిలుపుకోవడం నేర్పుతారు. వచ్చిన చిక్కల్లా, మన దగ్గర శిక్షణ పొందిన మానసిక వైద్యులు, సైకాలజిస్టులలో హిప్నాసిస్ చేసేవారు తక్కువ, బోర్డు పెట్టుకున్నవారు ఎక్కువ. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టా, లేక మానసిక వైద్యుడా అని అడిగి తెలుసుకుని మాత్రమే వెళ్లండి.

కాగితంపువ్వు:
నేను రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తి చేసుకుని టామాక్సిఫెన్ వాడుతున్నాను. ఆ మాత్ర వల్ల కూడా ఆవిర్లు వస్తాయి, హార్మోన్లు నాకు పనికిరావు. కాబట్టి మనసుమాట గారు చెప్పిన దారే నాకు మిగిలింది, అది నాకు ఊరటనిచ్చింది. నాలాంటి వారికి ఒక హెచ్చరిక: ఎవరేమి చెప్పినా మూలికల గుళికలు, ఈస్ట్రోజన్‌ను పోలిన సారాలు మన క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాడకండి. ఆవిర్లకు ఇచ్చే మాత్రల్లోనూ పరాక్సిటిన్ టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తుందని మా డాక్టరు వివరించారు. మీరు టామాక్సిఫెన్ వాడుతున్న సంగతి ప్రతి డాక్టరుకూ చెప్పండి, పంటి డాక్టరుకైనా సరే.

శారద గారూ, మీ అక్కయ్యకు క్యాన్సర్ రావడం, మీకు రావడం ఒకటి కాదు. హార్మోన్ మాత్రలు మీకు నిషిద్ధమో కాదో డాక్టరును అడగకుండా మీరే తీర్మానించుకున్నారేమోననిపిస్తోంది.

నిర్వాహకులు:
ఒక మూలికా ఉత్పత్తి ప్రకటనను, దానితో పాటు ఇచ్చిన ఫోన్ నంబరును ఈ చర్చ నుంచి తొలగించాము. చర్చ విషయం మీదే సాగాలని మనవి.

పులికాట్_పిల్ల:
నాది నెల్లూరు వైపు, పెళ్లయి రెడ్ హిల్స్‌లో స్థిరపడ్డాను. నా వయసు 39. అధిక రక్తస్రావం అని మా ఊళ్లో ఆపరేషన్ చేసి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. మర్నాటి నుంచే ఒళ్లంతా మంటలు. పైన చెప్పిన సీబీటీ నాకూ సరిపోతుందా అక్కయ్యలూ?

డాక్టర్_అన్నానగర్:
అమ్మా, మీకు మాత్రం నా జవాబు వేరు. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజన్ ఏళ్ల తరబడి మెల్లగా కాకుండా ఒక్కసారిగా పడిపోతుంది, అందుకే ఆవిర్లు ఇంత తీవ్రంగా ఉంటాయి. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. మీలాంటి వారు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. ఈ వయసులో ఈస్ట్రోజన్ లేకపోతే ఆవిర్లతో ఆగదు, ఎముకలు, గుండె కూడా దెబ్బతింటాయి. ప్రత్యేకంగా వద్దనే కారణం లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ చికిత్స తీసుకోవడం మంచిదనేది ఇప్పటి వైద్య సలహా. ఆపరేషన్ కాగితాలు, బయాప్సీ రిపోర్టు తీసుకుని ఈ వారమే ఎవరినైనా స్త్రీవైద్యురాలిని కలవండి. సీబీటీ తోడుగా చేసుకోవచ్చు కానీ దానికి బదులుగా కాదు.

కాగితంపువ్వు గారి మాటతో ఏకీభవిస్తూ శారద గారికి కూడా చెబుతున్నాను: అక్కకు క్యాన్సర్ ఉన్నంత మాత్రాన మీకు హార్మోన్లు నిషిద్ధం కావు. 60 ఏళ్ల లోపు లేదా నెలసరి ఆగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతులలో ఎక్కువమందికి లాభమే ఎక్కువని ఇప్పటి అభిప్రాయం. మీ విషయంలో కుటుంబ చరిత్రను తూచి చెప్పవలసింది మీ డాక్టరే. అన్నీ తెలుసుకుని వద్దనుకుంటే అది మీ ఇష్టం. అలా వద్దనుకునేవారికి కూడా సీబీటీ ఒక మార్గమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. తరచుగా ఆవిర్లు వచ్చే స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అమెరికా అధ్యయనంలో, సగం మందికి అవి 7.4 ఏళ్ల కన్నా ఎక్కువ కాలం ఉన్నాయి. పళ్ల బిగువున కొన్ని నెలలు ఓర్చుకుంటే పోతుందనుకుని మొత్తం మీద ఏ సాయమూ తీసుకోకుండా ఉండడం మంచిది కాదు.

లెక్కల_మాష్టారు:
భర్తలు ఏం చేయగలరో ఎవరూ అడగలేదు కనుక నేనే చెబుతాను. ఇద్దరికీ ఒకే దుప్పటి అనే పద్ధతి తీసేసి ఎవరి దుప్పటి వారికి పెట్టాము. ఫ్యాను రెగ్యులేటరు ఆవిడ చేతికి అందే వైపున ఉండేట్టు మంచం చోటు మార్చాను. నాకు చలేస్తే మంకీ క్యాప్ ఉంది. మళ్లీ వచ్చిందా అని ప్రతిసారీ అడగడం మానేశాను, అలా అడగడమే ఎక్కువ చికాకని మా ఆవిడ తేల్చి చెప్పింది.

మాంబలం_శారద:
అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారు చెప్పినట్టు థైరాయిడ్, షుగరు పరీక్షలకు ఇచ్చాను, మా డాక్టరు దగ్గర హార్మోన్ల విషయం కూడా మాట్లాడడానికి సమయం తీసుకున్నాను. ఆవిడ ఏమన్నా సరే, సీబీటీ మాత్రం మొదలుపెట్టాలనుకుంటున్నాను. మనసుమాట గారూ, ఆఫీసు వేళల వల్ల వారం వారం అడయారు దాకా రావడం కష్టం. ఇంట్లో కూర్చుని చేసుకునే వీలుందా? ఖర్చు కూడా ఆలోచించుకోవాలి.

మనసుమాట:
వీలుంది. నేను చెప్పిన 140 మంది ప్రయోగంలో ఒక బృందం సెషన్లకు రాకుండా పుస్తకం చదువుకుని ఇంట్లోనే సాధన చేసింది, వారికీ దాదాపు అంతే మేలు జరిగింది. నిద్ర ముఖ్య సమస్య అయినవారికి ఫోన్ ద్వారా చేసిన సీబీటీ కూడా పనిచేసిందని అమెరికాలో 106 మందిపై చేసిన మరో ప్రయోగం 2016లో చూపింది. వీడియో కాల్‌లో సెషన్లు చేసే సైకాలజిస్టులు మన నగరంలో చాలామంది ఉన్నారు. ఖర్చు భారమైతే ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగంలో అడగండి. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఆవిర్లకే ప్రత్యేకమైన చికిత్స అక్కడ ఆశించకండి కానీ, ఆందోళన, నిద్రలేమి గురించి మాట్లాడి దగ్గరలో ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవచ్చు.

అంతదాకా ఒక పని మొదలుపెట్టండి. చిన్న నోటుపుస్తకంలో ఆవిరి వచ్చిన వేళ, అప్పుడు ఎక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారు, మనసులో వచ్చిన మొదటి మాట ఏది, ఇబ్బందికి పదిలో ఎన్ని మార్కులు వేస్తారు, ఇవి మాత్రమే రాయండి. కాఫీ, కారం మానేయాలా అని ముందే తేల్చుకోకండి. అవి నిజంగా మీకు పడుతున్నాయో లేదో ఆ పుస్తకమే చెబుతుంది. రాత్రి వచ్చినవాటిని లేచి రాయవద్దు, పొద్దున గుర్తున్నంత రాస్తే చాలు. రాత్రి నిద్ర పట్టకుండా చాలాసేపు దొర్లుతుంటే మంచం దిగి, చిన్న లైటు కింద కూర్చుని, కునుకు వస్తున్నప్పుడే తిరిగి వెళ్లండి. మొదటి సెషన్‌కు ఆ పుస్తకం తీసుకు వస్తే, క్లయింటు ఎదుట వచ్చే ఆవిరితోనే పని మొదలుపెడతాం.

నందివర్ధనం:
శారదా, ఆ నోటుపుస్తకం ఆఫీసు బల్ల మీద వదిలిపెట్టకమ్మా, ఆడిటర్ గారు పద్దు అనుకుని తనిఖీ చేయగలరు.